నమోదు కాని దగ్గు

మెషీన్ లెర్నింగ్ ల్యాబ్‌లో మెడికల్ డేటాసెట్ అంటే మనకు ఒక సీఎస్‌వీ ఫైల్. చివరి కాలమ్‌లో 0 లేదా 1. ఆ 0 ఎవరు వేశారు, ఏం చూసి వేశారు, ఎప్పుడు వేశారు అని మనం అడగం. మోడల్ రన్ చేసి, అక్యురసీ ప్రింట్ తీసి, రికార్డులో సంతకం పెట్టించుకుని క్యాంటీన్‌కి వెళ్లిపోతాం. ఆ 0 మీద అనుమానం రావాలంటే ఒక సమస్యను దగ్గరగా చూడాలి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చాక, ఎవరి ఊపిరితిత్తులు వాస్తాయో ముందే చెప్పగలమా అన్నదే ఆ సమస్య.

ఈ వాపు పేరు రేడియేషన్ న్యుమోనైటిస్. న్యుమోనియా కాదు. ఇందులో బ్యాక్టీరియా ఉండదు, వైరస్ ఉండదు. మన ఊళ్లలో 'కరెంటు పెట్టడం' అంటారే, అదే రేడియేషన్ ట్రీట్‌మెంట్. ఆపరేషన్‌కి లొంగని దశలో ఉన్న ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి సాధారణంగా మొత్తం 60 గ్రే డోసు ఇస్తారు. ఒకేసారి కాదు, రోజుకు 2 గ్రే, వారానికి అయిదు రోజులు, ఆరు వారాలు. కిలో కణజాలం ఒక జౌల్ శక్తిని పీల్చుకుంటే అది ఒక గ్రే. కిరణం గడ్డను చేరాలంటే మధ్యలో ఉన్న మంచి ఊపిరితిత్తిని దాటుకునే పోవాలి. పక్కదారి లేదు. ఆ దారిలో గాలి గదుల గోడల్లోని కణాలు, సన్నటి రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటాయి. శరీరం దాన్ని గాయంగా గుర్తించి వాపుతో స్పందిస్తుంది. కొందరిలో అది దానంతటదే సర్దుకుంటుంది. కొందరిలో పొడి దగ్గు, ఆయాసం, కొద్దిగా జ్వరం. చాలా కొద్దిమందిలో ప్రాణం మీదకు వస్తుంది.

అసలు చిక్కు టైమింగ్‌లో ఉంది. ఈ వాపు ట్రీట్‌మెంట్ జరిగేటప్పుడు రాదు. ఎక్కువగా అయిపోయిన ఒకటి నుంచి ఆరు నెలల్లోపు వస్తుంది. అప్పటికి పేషెంట్ ఇంట్లో ఉంటాడు.

మన జిల్లాల సంగతే తీసుకోండి. తిరుపతిలో స్విమ్స్ ఉంది. టాటా ట్రస్ట్స్ వాళ్లు టీటీడీ స్థలంలో కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. దానికి 2018లో శంకుస్థాపన జరిగింది, 2022లో తెరిచారు. చిత్తూరు వైపు వాళ్లు గంటలో వెల్లూరు సీఎంసీకి వెళ్లిపోతారు. ఆరు వారాలు ఎక్కడో గది అద్దెకు తీసుకుని ట్రీట్‌మెంట్ అయిందనిపించి, కుప్పమో పుంగనూరో సత్యవేడో తిరిగి వెళ్లిన మనిషికి రెండో నెలలో దగ్గు మొదలైందనుకోండి. అతను ముందు ఎక్కడికి వెళ్తాడు? దగ్గర్లో ఉన్న డాక్టర్ దగ్గరికే. పాత కాగితాలు తీసుకెళ్లకపోతే ఆ డాక్టర్‌కి కనిపించేది దగ్గు, జ్వరం, ఎక్స్‌రేలో ఒక మచ్చ. న్యుమోనియా అనుకుని యాంటీబయాటిక్ రాస్తే అందులో ఆయన తప్పేమీ లేదు. కానీ న్యుమోనైటిస్ యాంటీబయాటిక్‌కి తగ్గదు. దానికి వాడేది స్టెరాయిడ్, అదీ వారాల తరబడి మెల్లగా తగ్గిస్తూ. పోనీ స్టెరాయిడ్ మొదలుపెట్టేద్దామా అంటే, ఒకవేళ అది టీబీ అయితే స్టెరాయిడ్ దాన్ని రెచ్చగొడుతుంది. అందుకని ముందు తెమడ పరీక్ష, సీటీ. షుగర్ ఉన్నవాళ్లకి ఇంకో తలనొప్పి.

కాబట్టి ఎవరికి రావచ్చో ముందే కొంత తెలిస్తే చాలా ఉపయోగం. ఎలా చెబుతారు?

అందరూ మొదట చూసే అంకె వీ20. పేరు చూసి భయపడక్కర్లేదు, మనకు ఇది ఒక లైన్ కోడ్. ప్లానింగ్ సీటీలో ఊపిరితిత్తి అంటే కొన్ని లక్షల చిన్న గళ్ల త్రీడీ అరే. ప్రతి గడికి ఎంత డోసు పడుతుందో కంప్యూటర్ లెక్కేస్తుంది. 20 గ్రే లేదా అంతకంటే ఎక్కువ పడిన గళ్లను లెక్కపెట్టి మొత్తం గళ్లతో భాగిస్తే వచ్చే శాతమే వీ20. దీనికి తోడు అన్ని గళ్ల సగటు డోసు. క్వాంటెక్ అనే నిపుణుల బృందం 2010లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసి ఒక సలహా ఇచ్చింది: ఇబ్బందిపెట్టే న్యుమోనైటిస్ అవకాశం 20 శాతం దాటకూడదంటే వీ20ని 30 నుంచి 35 శాతం లోపు, సగటు డోసును 20 నుంచి 23 గ్రే లోపు ఉంచడం మంచిది.

అయితే వీ20 ఒక బ్యాగ్ ఆఫ్ వర్డ్స్ లాంటిది. మాటలు ఎన్నిసార్లు వచ్చాయో చెబుతుంది, ఏ వరసలో వచ్చాయో చెప్పదు. డోసు ఊపిరితిత్తి పైభాగంలో పడిందా కిందిభాగంలోనా అన్నది ఆ అంకెలో మాయమైపోతుంది. అది చిన్న విషయం కాదు. 2013లో పాల్మా బృందం రకరకాల దేశాల నుంచి 836 మంది పేషెంట్ల వివరాలు ఒక్కొక్కటిగా సేకరించి విశ్లేషించింది. వీళ్లంతా కీమో, రేడియేషన్ కలిపి తీసుకున్నవాళ్లు. లక్షణాలతో కూడిన న్యుమోనైటిస్ 29.8 శాతం మందికి వచ్చింది, దానివల్ల చనిపోయినవాళ్లు 1.9 శాతం. ప్రాణం తీసిన కేసులకు ముడిపడ్డ విషయాల్లో గడ్డ కింది లోబులో ఉండటం ఒకటి. ఏ కీమో మందు ఇచ్చారన్నది కూడా ముఖ్యమే. 65 ఏళ్లు దాటి, కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ జంట తీసుకున్నవాళ్లలో సగం మందికి పైగా న్యుమోనైటిస్ వచ్చింది. అంటే డోసు అరే ఒక్కటే చాలదు, మనిషి వయసు, మందు, అంతకుముందే ఊపిరితిత్తిలో ఉన్న మచ్చలు అన్నీ ఫీచర్లే.

ఇక్కడే మనవాళ్లు రంగంలోకి దిగుతారు. రాండమ్ ఫారెస్ట్, ఎక్స్‌జీబూస్ట్, సీటీ బొమ్మల మీద డీప్ లెర్నింగ్. వంద మందిలో ఇరవై మందికే వచ్చే జబ్బు కదా, 'ఎవరికీ రాదు' అని కళ్లు మూసుకుని చెప్పే మోడల్‌కి కూడా 80 శాతం అక్యురసీ వస్తుంది. అందుకే ఏయూసీ చూడాలి, ఇంకో ఆసుపత్రి డేటా మీద పరీక్షించాలి. ఇవన్నీ మనకు క్లాసులో చెప్పినవే. క్లాసులో రానిది ఆ చివరి కాలమ్.

ఊరికే ఒక లెక్క వేద్దాం. ఇవి నేను ఊహించిన అంకెలు. ఒక ఆసుపత్రిలో వంద మందికి రేడియేషన్ ఇచ్చారు. యాభై మంది ఆ ఊరివాళ్లు, యాభై మంది నాలుగు గంటల బస్సు ప్రయాణం దూరంలో ఉన్నవాళ్లు. రెండు వైపులా పదేసి మందికి న్యుమోనైటిస్ వచ్చింది. ఊళ్లో ఉన్న పది మందిలో తొమ్మిది మంది అదే ఆసుపత్రికి వచ్చారు. దూరం వాళ్లలో ముగ్గురే వచ్చారు, మిగతా ఏడుగురు దగ్గర్లో చూపించుకున్నారు. ఫైల్‌లో వాళ్ల పేర్ల పక్కన ఏమీ లేదు కాబట్టి డేటా ఎంట్రీ చేసినవాళ్లు 0 వేశారు. ఇప్పుడు మోడల్‌కి కనిపించేదేమిటి? దగ్గరివాళ్లకి రిస్క్ 18 శాతం, దూరంవాళ్లకి 6 శాతం. దూరంగా ఉంటే ఊపిరితిత్తులు మూడు రెట్లు భద్రం అని అది నేర్చుకుంటుంది. అడ్రస్ కాలమ్ తీసేస్తే సరిపోతుంది అనుకోకండి. దూరంతో పాటు మారే ఏ ఫీచర్ దొరికినా, అంటే వయసో వృత్తో, ఎంత ఆలస్యంగా ఆసుపత్రికి వచ్చాడన్నదో దొరికినా, దాని వెనక నుంచి అదే పాఠం నేర్చుకుంటుంది. ఏయూసీ మాత్రం బాగానే రావచ్చు, ఎందుకంటే టెస్ట్ సెట్‌లో కూడా అవే తప్పు సున్నాలు.

దీని ఫలితం తలకిందులుగా ఉంటుంది. ఎవరికి దగ్గు వస్తే చూసేవాళ్లు తక్కువో, వాళ్లనే మోడల్ 'సేఫ్' అంటుంది. అలాగని అందరినీ హై రిస్క్ అనడం కూడా పరిష్కారం కాదు. ఆ మాట విని గడ్డకిచ్చే డోసు తగ్గిస్తే క్యాన్సరే మిగిలిపోవచ్చు. రెండు వైపులా పోయేది ప్రాణమే.

పల్లెల్లో పేషెంట్లను ఏళ్ల తరబడి వెతికి చూడటం అయ్యే పని కాదు అంటారా? అదే పని మన దగ్గరే జరిగింది, అప్పటికి ఎక్సెల్ కూడా లేదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915 నుంచీ టీబీ శానటోరియం ఉండేది. అక్కడి డాక్టర్ ఫ్రిమోట్-ముల్లర్ బృందం 1950లో మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో బీసీజీ టీకా పనిచేస్తుందా లేదా అని పరీక్ష మొదలుపెట్టింది. టీకా వేసినవాళ్లను, వేయనివాళ్లను ఇద్దరినీ మళ్లీ మళ్లీ వెళ్లి ఎక్స్‌రేలు తీసి చూశారు. ఫలితాలు 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చాయి. జబ్బు వచ్చి ఆసుపత్రికి వచ్చినవాళ్లనే లెక్కపెట్టి ఉంటే ఆ పరీక్షకు అర్థమే ఉండేది కాదని వాళ్లకు బాగా తెలుసు.

మన వైపు నుంచి చేయగలిగింది కూడా ఉంది. స్టాటిస్టిక్స్‌లో సెన్సారింగ్ అని ఒక పద్ధతి ఉంది (సినిమా సెన్సార్ కాదు). పేషెంట్ సంగతి తెలియనప్పుడు 0 వేయకుండా, చివరిసారి అతను బాగున్నాడని తెలిసిన తేదీ వేస్తారు. 'మార్చి 12 వరకు దగ్గు లేదు, తర్వాత తెలియదు' అన్నది ఒక నిజాయితీ ఉన్న డేటా పాయింట్. సర్వైవల్ మోడల్స్ దాన్ని వాడుకోగలవు. అయితే దూరంవాళ్లే ఎక్కువగా కనిపించకుండా పోతుంటే ఇది కూడా పూర్తిగా కాపాడదు. అప్పుడు మిగిలేది ఫోన్ చేయడమే.

ఫోన్‌లో అడగాల్సినవి కూడా పెద్దగా లేవు. 'దగ్గు కొత్తగా వచ్చిందా, ముందునుంచీ ఉన్నదేనా? నడిస్తే ఆయాసం వస్తా ఉందా? వేరే డాక్టర్ దగ్గర చూపించుకున్నారా, ఏం మందులిచ్చారు?' నెలకోసారి, ఆరు నెలలు. మోడల్ హై రిస్క్ అన్నవాళ్లకు రెండు వారాలకోసారి చేయొచ్చు, కానీ సేఫ్ అన్నవాళ్లకు మానేయకూడదు. మానేస్తే రేపటి డేటాలో మళ్లీ అవే సున్నాలు. రిజిస్ట్రేషన్ ఫారంలో మనం చేర్చాల్సిన ఫీల్డ్ ఒకటుంది. చాలాసార్లు అక్కడ ఉండేది బెంగళూరులోనో చెన్నైలోనో పనిచేసే కొడుకు నంబర్. నాన్న రాత్రిళ్లు దగ్గుతున్న సంగతి అతనికీ తెలియకపోవచ్చు. ఇంట్లో ఆయనతో ఉండేవాళ్ల నంబర్ ఇంకోటి మొదటిరోజే రాసుకోవాలి.