నంబర్ ఉంటే చాలదు.. సాక్ష్యం కావాలి!

ఫ్లూట్ అనగానే మనకు వెదురు వేణువే గుర్తొస్తుంది. పాశ్చాత్య సంగీతంలో వాడే లోహపు ఫ్లూట్, దానికంటే చిన్నదైన పికోలో వేరు. చాలావాటి గొట్టం మీద తయారీదారు పేరు, ఒక సీరియల్ నంబరు చెక్కి ఉంటాయి. ఆ నంబరు పట్టుకుని వాద్యం వయసు తేల్చడం మ్యూజియంలకు, వేలం సంస్థలకు, బీమా మదింపుదారులకు, రిపేరు వర్క్‌షాపులకు అవసరమైన పని. మరి ఆ పని ఎలా చేస్తారో చూద్దామా?

తొందరపడితే తప్పే

నంబరు చూడటం, పట్టికలో వెతకడం, సంవత్సరం రాసేయడం.. కొత్తవాళ్లు చేసే పని ఇదే. ఇక్కడే దెబ్బతింటారు.

* తయారీదారు ఎవరో తెలియకపోతే నంబరుకు అర్థం లేదు. పారిస్‌లో లూయీ లో 1855లో మొదలుపెట్టాడు. బోస్టన్‌లో హేన్స్ కంపెనీ 1888లో వచ్చింది. రెండింటి 1000వ ఫ్లూట్ల మధ్య దశాబ్దాల తేడా.
* ఒకే కంపెనీ పికోలోలకు, వేర్వేరు మోడళ్లకు వేర్వేరు వరుసలు వాడి ఉండొచ్చు.
* పట్టికల్లో చాలా సంవత్సరాలు అంచనాలే. తెలిసిన రెండు నంబర్ల మధ్య లెక్కగట్టి నింపినవి.
* ఊదే తల భాగం తర్వాత మార్చి ఉండొచ్చు. అన్ని ముక్కలూ సరిపోలుతున్నాయో లేదో చూడాలి.

ఒక ఉదాహరణ

లండన్‌కు చెందిన రుడాల్ కార్ట్ కంపెనీ వెండి ఫ్లూట్ మీ చేతికొచ్చిందనుకుందాం. దానిమీద 'బెర్నర్స్ స్ట్రీట్ 23' అని చిరునామా ఉంది. కంపెనీ అక్కడికి మారింది 1878లో. అంటే అంతకుముందుది కాదు.

ఇప్పుడు వెండి మీద హాల్‌మార్క్ చూడండి. మన బంగారు నగల మీద ఉండేలాంటిదే. చిరుతపులి తల ఉంటే లండన్‌లో పరీక్షించారని, నడుస్తున్న సింహం ఉంటే 92.5 శాతం వెండి అని అర్థం. పక్కన రాణి తల కూడా ఉందా? అది పన్ను కట్టినట్టు గుర్తు. ఆ పన్ను 1890లో రద్దయింది. అంటే మన ఫ్లూట్ 1878, 1890 మధ్యది.

ఇంకా ఒక అక్షరం ఉంటుంది. లండన్‌లో ఏటా మే నెలలో ఆ అక్షరం మారేది. 20 అక్షరాలు పూర్తయ్యాక లిపి మార్చి మళ్లీ మొదలుపెట్టేవారు. మన పన్నెండేళ్ల వ్యవధిలో 'హెచ్' ఒక్కసారే వస్తుంది. అది 1883 మే నుంచి 1884 మే వరకు వాడిన గుర్తు.

ఇక నంబరు వంతు. అది ఈ తేదీతో కుదిరితే మీ మాటకు బలం. కుదరకపోతే ఎందుకో వెతకాలి. కంపెనీ పాత లెడ్జర్లలో ఆ నంబరు ఎదుట ఏం రాశారో చూడటం అన్నిటికంటే గట్టి సాక్ష్యం.

ఒక జాగ్రత్త.. మెరిపిద్దామని పాలిష్ పెట్టకండి. అరిగిన గుర్తులు మళ్లీ రావు. వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి ఫొటో తీయండి.

ఎందుకింత పట్టింపు?

19వ శతాబ్దపు జర్మన్ ఫ్లూట్లు కొన్నింటి తల భాగం ఏనుగు దంతంతో చేశారు. అలాంటివి దేశం దాటాలంటే 1975లో అమల్లోకి వచ్చిన సైటిస్ ఒప్పందం అడ్డొస్తుంది. పాతదే అనడానికి ఆధారాలు అడుగుతారు. మీరు రాసిన ఒక్క సంవత్సరం తప్పయితే వాద్యకారుడి జీవనాధారం సరిహద్దు దగ్గరే ఆగిపోవచ్చు.

ఎక్కడ నేర్చుకోవచ్చు?

మన దేశంలో నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్‌గా పేరొందిన సంస్థ కళా చరిత్ర, కన్జర్వేషన్, మ్యూజియాలజీలో పీజీ కోర్సులు నడిపింది. ఇప్పుడది ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్. లక్నోలోని ఎన్‌ఆర్‌ఎల్‌సీ కళాఖండాల సంరక్షణకు పనిచేస్తుంది. వాద్యాల రిపేరే వృత్తిగా ఎంచుకుంటే అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం రెడ్ వింగ్‌లోని కాలేజీ ప్రత్యేక కోర్సు నేర్పుతుంది. అయితే ఇవి తక్కువ పోస్టులుండే రంగాలు. మరో నైపుణ్యం కూడా చేతిలో పెట్టుకోండి.

ఈ పద్ధతి ఫ్లూట్‌కే పరిమితం కాదు. పాత కెమెరా, కుట్టుమిషన్, గడియారం.. ఇంట్లో ఏది దొరికితే దానితో ఈ వారమే మొదలుపెట్టండి. ఒక పేజీ నివేదిక రాయండి. తెలిసింది ఒకచోట, ఊహించింది మరోచోట. 'సుమారు 1880-85' అని కారణాలతో రాస్తే మిమ్మల్ని నమ్ముతారు. 'కచ్చితంగా 1883' అని కారణం లేకుండా రాస్తే, ఇంటర్వ్యూలో 'ఎలా తేల్చారు?' అన్న మొదటి ప్రశ్నకే దొరికిపోతారు!