సముద్రం చూడబోతున్నారా?

వానచుక్కకు మొహం వాచిన నేల మనది. అన్ని నీళ్లు ఒక్కచోట చూడాలని ఎవరికుండదు? కడపవాళ్లు బద్వేలు మీదుగా నెల్లూరు చేరి మైపాడు పోతారు. కర్నూలు, నంద్యాలవాళ్లు గిద్దలూరు మీదుగా ఒంగోలు వైపు దిగి కొత్తపట్నమో, చీరాల దగ్గర వాడరేవో, బాపట్ల దగ్గర సూర్యలంకో చూసి వస్తారు. తప్పకుండా వెళ్లండి. వద్దనడానికి ఈ వ్యాసం రాయడం లేదు. అయితే బయల్దేరేముందు మనవాళ్ల నోట రెండు మాటలు వస్తుంటాయి. "మనకు ఎండ కొత్తా?" అనేది ఒకటి. "మావాడు కె.సి. కాలువలో ఈదినవాడే!" అనేది రెండోది. ఈ రెండూ సముద్రం దగ్గర చెల్లవు.

ముందు ఎప్పుడు వెళ్లాలో చూసుకోండి. కార్తీక పౌర్ణమికి సముద్రస్నానం పుణ్యమంటారు, కాదనను. కాని కోస్తాకు తుఫానుల కాలం కూడా అదే. దివిసీమను ముంచెత్తిన ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. వాతావరణశాఖ హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోండి, పుణ్యం ఎక్కడికీ పోదు. నన్నడిగితే సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా మంచి రోజులు.

వేసవి సెలవుల్లోనే కుదురుతుందంటారా? అయితే ఎండ సంగతి వినండి. మన ఊళ్లో గాలి పొడిగా ఉంటుంది. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది, ఆరుతూ ఒంట్లో వేడిని తీసుకుపోతుంది. సముద్రతీరంలో గాలి నిండా తేమ. చెమట కారుతుందే తప్ప ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. అందుకే కర్నూలులో నలభై డిగ్రీలు ఓర్చుకున్న మనిషి అక్కడ అంతకు తక్కువ వేడికే సొమ్మసిల్లవచ్చు. కొత్త గాలికి శరీరం అలవాటు పడడానికి వారం పది రోజులైనా పడుతుంది, మీరు వెళ్లేది రెండు రోజులకు! పదకొండు నుంచి నాలుగు దాకా నీడపట్టున ఉండండి. దాహం వేయకపోయినా నీళ్లు, మజ్జిగ తాగుతుండండి. మూత్రం ముదురు పసుపుగా వస్తే నీళ్లు చాలడం లేదన్నమాట. ఎవరైనా తలనొప్పి, వాంతులతో పొంతన లేకుండా మాట్లాడుతుంటే వడదెబ్బ అనుకోండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసురుతూ 108కి ఫోను చేయండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

సంచిలో ఓ.ఆర్.ఎస్. పొట్లాలు నాలుగు వేసుకోండి. పొట్లం మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్ని నీళ్లలోనే కలపాలి. సీసాల్లో అమ్మే తీపి పానీయాలు దీనికి బదులు కావు. నల్లమల ఘాటు మలుపుల్లో వాంతులయ్యే పిల్లల్ని ముందు సీటులో కూర్చోబెట్టి, దూరంగా రోడ్డు వైపు చూడమనండి. బయల్దేరేముందు కడుపునిండా ఉగ్గాని, బజ్జీలు పెట్టకండి.

మధుమేహం ఉన్నవాళ్లు ఇన్సులిన్‌ను ఎండలో నిలిపిన కారులో వదలరాదు. ఇసుకలో చెప్పులు విప్పరాదు. చాలాకాలంగా జబ్బు ఉన్నవాళ్ల పాదాలకు స్పర్శ తగ్గుతుంది. మధ్యాహ్నపు ఇసుకలో అరికాలు బొబ్బలెక్కినా తెలియదు. ఇంటికొచ్చాక పుండు పడ్డ సంగతి బయటపడుతుంది.

ఇక ఈత. బావిలో నీళ్లు నిలకడగా ఉంటాయి, కాలువ ఒకవైపే పారుతుంది. సముద్రం అలా కాదు. అలలు ఒడ్డుకు తోసిన నీళ్లు ఎక్కడో ఒక సన్నని దారి చేసుకుని వేగంగా వెనక్కు పోతాయి. దీన్నే రిప్ కరెంట్ అంటారు. చిత్రమేమంటే చాలాసార్లు ఆ దారిలో అలలు విరగవు. రెండువైపులా నురగ, మధ్యలో ప్రశాంతంగా కనిపించే నీళ్లు. పిల్లలకు అదే మంచి చోటని తండ్రి అక్కడే దింపుతాడు! అందులో చిక్కితే ఒడ్డుకు ఎదురీదకండి. గజఈతగాడికైనా చేతులు పడిపోతాయి. వెల్లకిలా తేలండి, చెయ్యెత్తి కేక వేయండి. ఈదగలిగితే ఒడ్డు వెంబడే కుడికో ఎడమకో ఈది, ఆ లాగుడు తప్పాక ఒడ్డుకు తిరగండి. పోలీసులు, జాలర్లు వద్దన్న చోట దిగనే వద్దు. మద్యం పుచ్చుకుని నీళ్లలో దిగడం గురించి వేరే చెప్పాలా? పిల్లలు మోకాలి లోతు దాటకూడదు, అదీ మీ చెయ్యి పట్టుకుని.

మునుగుతున్నవాణ్ణి చూసి ఈత రానివాడు దూకితే రెండు ప్రాణాలు పోతాయి. తాడు, ట్యూబు, మూత బిగించిన ఖాళీ క్యాను ఏది దొరికితే అది విసరండి. బయటకు తెచ్చాక తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం, ఉప్పు రాశిలో పడుకోబెట్టడం ఇవన్నీ విలువైన నిమిషాలు పోగొట్టుకోవడమే. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కు వంచి, ముక్కు మూసి నోటితో అయిదుసార్లు గాలి ఊదండి. తర్వాత రొమ్ము నడుమ ముప్పైసార్లు గట్టిగా, వేగంగా నొక్కి, రెండుసార్లు ఊదండి. 108 వచ్చేదాకా ఆపవద్దు.

మనిషి లేచి కూర్చుని "నాకేం కాలేదు" అన్నా ఆస్పత్రికి తీసుకుపోండి. లోపలికి పోయిన నీళ్ల వల్ల కొన్ని గంటల తర్వాత కూడా ఊపిరితిత్తులు ఉబ్బి ఆయాసం రావచ్చు. టిక్కెట్లు వృథా అయినా సరే, డాక్టరు చూడకుండా ఆ రాత్రి బస్సు ఎక్కించవద్దు. గిద్దలూరు దాటి ఘాటులో ఉండగా ఆయాసం మొదలైతే దగ్గర్లో ఆస్పత్రి ఉండదు.