మీకు తెలుసా? రెప్ప మడతలో దాగే మచ్చ
కనురెప్పల శస్త్రచికిత్సకు బ్లెఫరోప్లాస్టీ అన్న పేరు 1818లో జర్మన్ సర్జన్ కార్ల్ ఫెర్డినాండ్ ఫాన్ గ్రేఫే పెట్టారు. అప్పట్లో అది అందం కోసం కాదు, క్యాన్సర్ గడ్డ తీసేశాక పాడైన రెప్పను బాగుచేయడానికి. ఇప్పుడు ఎక్కువగా వేలాడే చర్మాన్ని, ఉబ్బిన కొవ్వును సరిచేయడానికి చేస్తున్నారు. పైరెప్పకు సహజమైన మడతలోనే కోత పెడతారు, మచ్చ అందులోనే కలిసిపోతుంది. కింది రెప్పకైతే లోపలివైపు నుంచే కొవ్వు తీసే పద్ధతీ ఉంది. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోతారు. కుట్లు సుమారు వారానికి తీస్తారు. వాపు, కమిలిన రంగు తగ్గడానికి రెండు వారాలైనా పడుతుంది. పెళ్లికి వారం ముందు చేయించుకుంటే ఫొటోల్లో పడేది ఆ వాపే! కంటి చివరి ముడతలు మాత్రం దీనితో పోవు. ఆపరేషన్ తర్వాత తీవ్రమైన నొప్పి వచ్చినా, చూపు తగ్గినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.