ఇంటి దగ్గర పని: కుటుంబం, స్త్రీ పురుష సమానత, సంక్షేమం

6.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• ‘ఇంటి పని’కీ ‘ఇంటి దగ్గర పని’కీ గల తేడాను చెప్పగలుగుతారు;
• పని ఏర్పాటు కుటుంబంలోని స్త్రీ పురుషుల సమయాన్ని ఎలా పంచుతుందో వివరించగలుగుతారు;
• లేసు, బీడీ, ఐటీ రంగాల ఉదాహరణలతో ఈ అంశాన్ని చర్చించగలుగుతారు.

6.1 విషయ పరిచయం

ఈ పాఠాన్ని మీరు ఏ వేళ చదువుతున్నారో ఒకసారి గమనించండి. దూరవిద్య విద్యార్థుల్లో చాలామంది ఉద్యోగమో, వ్యవసాయమో, కూలిపనో ముగించుకొని పుస్తకం పట్టేవారే. ఆదివారం కౌన్సెలింగ్ తరగతుల్లో నేను చాలా ఏళ్లు పాఠం చెప్పాను. మధ్యాహ్నం మూడు దాటితే గడియారం చూసుకునేవారిలో ఎక్కువమంది స్త్రీలే. విరామంలో మగ విద్యార్థులు టీ తాగడానికి వెళితే, వీరు ఇంటికి ఫోను చేసి పిల్లలు అన్నం తిన్నారో లేదో కనుక్కునేవారు. అందరిదీ ఒకే కోర్సు, ఒకే పరీక్ష. చదువుకు దొరికే సమయం మాత్రం ఒకటి కాదు. ఈ తేడాకు కారణం ఎవరి శ్రద్ధాలోపమూ కాదు. ఇంట్లోనూ బయటా పనిని పంచిన తీరే దీనికి కారణం.

‘ఇంటి దగ్గర కూర్చుని నాలుగు రాళ్లు సంపాదించుకోవచ్చు కదా’ అనే మాట మీరు వినే ఉంటారు. ఈ సలహా సాధారణంగా స్త్రీలకే ఇస్తారు. ఇంటి దగ్గర పని నిజంగా స్త్రీ భారాన్ని తగ్గిస్తుందా? ఈ భాగంలో మనం పరిశీలించే ప్రశ్న ఇదే.

6.2 మూల భావనలు

వంట, అంట్లు, బట్టలు, నీళ్లు, పిల్లల, వృద్ధుల సంరక్షణ ‘ఇంటి పని’. దీనికి వేతనం లేదు. మార్కెట్టు కోసం వస్తువునో సేవనో ఇంట్లోనే ఉండి తయారుచేయడం ‘ఇంటి దగ్గర పని’. దీనికి వేతనమో, పీసు రేటో ఉంటుంది. రెండూ ఒకే కప్పు కింద, ఒకే మనిషి చేతుల మీదుగా జరుగుతాయి కాబట్టి చూసేవారికి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి.

బ్రిటన్‌కు చెందిన సామాజికశాస్త్రవేత్త ఆన్ ఓక్లీ 1974లో ప్రచురించిన గ్రంథంలో ఇంటి పనిని కూడా ‘పని’గానే అధ్యయనం చేశారు. అమెరికన్ సామాజికశాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1989లో ‘రెండో షిఫ్టు’ అనే భావనను ప్రచారంలోకి తెచ్చారు. ఉద్యోగం చేసే స్త్రీ సాయంత్రం ఇంటికి వచ్చాక మొదలయ్యే పనే ఆ రెండో షిఫ్టు.

6.3 సమయం లెక్క

మన దేశంలో జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశవ్యాప్తంగా కాల వినియోగ సర్వే జరిపింది. ఆరేళ్లు, అంతకు పైబడిన వయసువారిలో వేతనం లేని ఇంటి పనిలో పాల్గొన్న స్త్రీలు 81.2 శాతం, పురుషులు 26.1 శాతం. ఆ పని చేసినవారిలో రోజుకు సగటున స్త్రీలు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. ఉపాధి, తత్సంబంధ పనుల్లో పాల్గొన్నవారు పురుషుల్లో 57.3 శాతం, స్త్రీలలో 18.4 శాతం.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. 97 నిమిషాలు పురుషులందరి సగటు కాదు. ఇంటి పని చేసిన ఆ నాలుగో వంతు పురుషుల సగటు మాత్రమే. ఏమీ చేయని మిగిలినవారిని కూడా కలిపితే సగటు ఇంకా బాగా తగ్గుతుంది.

6.4 మూడు ఉదాహరణలు

6.4.1 నర్సాపురం లేసు: పశ్చిమ గోదావరి డెల్టాలోని నర్సాపురం ప్రాంతంలో లేసు అల్లికను 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ప్రవేశపెట్టారు. జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడ అధ్యయనం చేసి 1982లో ఒక గ్రంథం ప్రచురించారు. అల్లేది స్త్రీలు. దారం ఇచ్చి, సరుకు తీసుకొని, విదేశాలకు ఎగుమతి చేసే వ్యాపారం ఎక్కువగా పురుషుల చేతుల్లో ఉంది. స్త్రీలను కార్మికులుగా కాక, ‘తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులు’గా పరిగణించారు. తీరిక వేళ పనికి పూర్తి కూలి ఎందుకు అన్న తర్కంతో రేటు తక్కువగా నిలిచిపోయింది. ఈ ప్రక్రియకు మీస్ ‘గృహిణీకరణ’ అని పేరు పెట్టారు. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. గడప దాటకపోవడం కుటుంబ గౌరవంగా భావించిన ఇళ్లలో, ఆ గౌరవమే స్త్రీ బేరమాడే శక్తిని తగ్గించింది. పక్క ఊళ్లో రేటు ఎంతో తెలియని మనిషి ఏం బేరమాడగలదు?

6.4.2 బీడీలు: నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వంటి ఉత్తర తెలంగాణ ప్రాంతాల్లో బీడీలు చుట్టడం వేలాది స్త్రీల జీవనాధారం. తునికాకు, తంబాకు, దారం ఇంటికి తెచ్చుకొని, ఒళ్లో చాట పెట్టుకొని చుట్టి, తిరిగి అప్పగిస్తారు. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. బాగా లేవని పక్కన పెట్టిన బీడీలకు కూలి రాదు. పురుషులు గల్ఫ్ దేశాలకు వలస వెళ్లిన ఇళ్లలో నెలవారీ ఖర్చుకు ఈ ఆదాయమే ఆసరా. మరోవైపు తంబాకు పొడి ఇంటి గాలిలోనే ఉంటుంది. గంటల తరబడి వంగి కూర్చోవడం వల్ల నడుము, మెడ నొప్పులు వస్తాయి. లెక్క పూర్తికాని రోజు ఆడపిల్ల చదువు మాని తల్లికి సాయం కూర్చుంటుంది.

అయితే లేసుకూ బీడీకీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. 1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టం ఇంటి దగ్గర చుట్టేవారిని కూడా ఉద్యోగుల నిర్వచనంలో చేర్చింది. ఇంటి దగ్గర పనిచేసేవారిపై తమ పర్యవేక్షణ లేదు కాబట్టి వారికి భవిష్యనిధి వర్తించదని యజమానులు వాదించగా, 1985లో సుప్రీంకోర్టు ఆ వాదనను తిరస్కరించింది. తయారైన బీడీని తిరస్కరించే హక్కు యజమానికి ఉండటమే నియంత్రణ అని పేర్కొంది. ఇద్దరూ ఇంట్లోనే కూర్చుని పనిచేస్తారు. బీడీ కార్మికురాలికి పీఎఫ్ అడిగే హక్కు వచ్చింది. లేసు అల్లే స్త్రీకి అటువంటి గుర్తింపు దక్కలేదు. కాబట్టి పని ఎక్కడ జరుగుతుందన్న దానికంటే, దాన్ని చట్టం ‘పని’గా గుర్తించిందా అన్నదే కీలకం.

6.4.3 ఐటీ ఉద్యోగం: 2020 మార్చి లాక్‌డౌన్‌తో హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు ఒక్కసారిగా ఇళ్ల నుంచి పనిచేయవలసి వచ్చింది. జీతం, పీఎఫ్, సెలవులు యథాతథంగా ఉన్నాయి. రోజూ రెండు మూడు గంటల ప్రయాణం తప్పింది. ఈ విషయంలో వీరి స్థితి పై ఇద్దరికంటే మెరుగు. కాని మిగిలిన సమయం ఎటు పోయింది? భార్యాభర్తలిద్దరూ ఇంటి నుంచే పనిచేసే కుటుంబాన్ని ఊహించండి. తలుపు వేసుకోగల గది ఎవరికి దక్కుతుంది? మీటింగు మధ్యలో కుక్కర్ కూత పెడితే ఎవరు లేస్తారు? ఈ ప్రశ్నలకు మీ అనుభవంలో వచ్చే జవాబే పాత అలవాటు ఎంత గట్టిదో చెబుతుంది. చదువు, జీతం సమానమైనా ఇంటి పని పంపకం దానంతటదే సమానం కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) ‘గృహిణీకరణ’ అంటే ఏమిటి?
(ఆ) 1985 తీర్పు బీడీ కార్మికుల హోదాను ఎలా మార్చింది?

6.5 చట్టం, విధానం

2017 సవరణతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. ఇద్దరు పిల్లలున్నవారికి తరువాతి కాన్పుకు 12 వారాలే. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి. ప్రసూతి సెలవు తరువాత, పని స్వభావాన్ని బట్టి, యజమానితో ఒప్పందం మేరకు ఇంటి నుంచి పనిచేయవచ్చు.

ఇవి మేలైన నిబంధనలే. వీటిలో రెండు లోపాలున్నాయి. మొదటిది, సెలవు కాలపు వేతన భారం ఎక్కువగా యజమానిపైనే పడుతుంది కాబట్టి, కొందరు అసలు స్త్రీలను నియమించడానికే వెనుకాడే ప్రమాదం ఉంది. రెండవది, తండ్రి ఊసు వీటిలో లేదు. కేంద్ర ప్రభుత్వ పురుష ఉద్యోగులకు 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. ప్రైవేటు రంగానికి అటువంటి సాధారణ చట్టం లేదు. బిడ్డ పెంపకం తల్లి పనే అన్న భావనను చట్టమే బలపరిచినట్లవుతుంది. స్వీడన్ 1974లోనే తల్లిదండ్రులిద్దరికీ వర్తించే సెలవును ప్రవేశపెట్టింది. తండ్రులు దాన్ని తక్కువగా వాడుకోవడంతో, 1995లో ఒక నెలను తండ్రికే కేటాయించింది. ఆయన తీసుకోకపోతే ఆ నెల తల్లికి బదిలీ కాదు.

6.6 సారాంశం

ఇంటి దగ్గర పని దానంతటది మంచీ కాదు, చెడూ కాదు. పనికి గుర్తింపు, న్యాయమైన రేటు, సామాజిక భద్రత ఉండి, ఇంటి పనిలో పురుషుడు పాలుపంచుకుంటే అది కుటుంబానికి వెసులుబాటు. ఇవి లేనప్పుడు అదే ఏర్పాటు స్త్రీకి ముగింపు లేని పనిదినం అవుతుంది. ఆఫీసుకు తాళం పడే వేళ ఉంటుంది. ఇంటి దగ్గర పనికి అటువంటి వేళ లేదు.

6.7 కృత్యం

రేపు ఒక్క రోజు, నిద్ర లేచినప్పటి నుంచి పడుకునే వరకు, మీరూ మీ ఇంట్లోని మరొక పెద్దవారూ చేసిన పనులను అరగంటకు ఒకసారి రెండు నిలువు వరుసల్లో రాయండి. వేతనం వచ్చే పని, వేతనం లేని పని, చదువు, విశ్రాంతి వేరువేరుగా కూడండి. ఆ కాగితాన్ని ఇంట్లో అందరి ముందూ పెట్టి మాట్లాడండి. అందులో ఏ ఒక్క అరగంట చేతులు మారినా, ఈ పాఠం పరీక్షకు మించి ఉపయోగపడినట్లే.

6.8 మాదిరి పరీక్షా ప్రశ్నలు

1. ‘పని జరిగే చోటు కంటే పనికి ఉన్న గుర్తింపు ముఖ్యం.’ లేసు, బీడీ పరిశ్రమల ఉదాహరణలతో చర్చించండి.
2. ప్రసూతి ప్రయోజనాలు స్త్రీ పురుష సమానతకు ఎంతవరకు తోడ్పడతాయో విశ్లేషించండి.
3. 2019 కాల వినియోగ సర్వే వివరాలను మీ కృత్యం ఫలితాలతో పోల్చండి.