ఎల్లో ఫీవర్ టీకా: పది రోజుల ముందే

ఎల్లో ఫీవర్ మన దేశంలో లేదు. దానిని వ్యాపింపజేయగల ఈడిస్ దోమ మాత్రం చెన్నైలో విస్తారంగా ఉంది. డెంగీని తెచ్చేదీ అదే. అందుకే నైజీరియా, ఉగాండా వంటి దేశాల నుంచి టీకా ధ్రువపత్రం లేకుండా వచ్చేవారిని, వారు భారత పౌరులైనా సరే, ఆ దేశం విడిచి 6 రోజులు పూర్తయ్యే వరకు విమానాశ్రయ ఆరోగ్యాధికారులు క్వారంటైన్‌లో ఉంచుతారు. వ్యాధి బయటపడడానికి సాధారణంగా పట్టే గడువు అంతే. కొద్దిపాటి సెలవుపై ఇంటికి వచ్చే ఉద్యోగికి అది చిన్న నష్టం కాదు.

అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రకారం, టీకా వేయించుకున్న 10 రోజుల తరువాతనే ధ్రువపత్రం చెల్లుతుంది. ఆపైన జీవితాంతం చెల్లుతుంది. పాత పత్రాలలో కనిపించే పదేళ్ల గడువు 2016 జూలైతో రద్దయింది. ప్రభుత్వ గుర్తింపు గల కేంద్రాలలో వేసిన టీకాకే విలువ. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ అటువంటిది.