కొన్నాక కారు శక్తి తగ్గితే? 1,548 హార్స్‌పవర్ 900 అయిన కథ

2025 మే మొదట్లో చైనాలో షావోమీ ఎస్‌యూ7 అల్ట్రా యజమానులకు ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చింది. వెర్షన్ 1.7.0. ఇన్‌స్టాల్ చేసుకున్నాక తెలిసిందేమిటంటే, 1,548 హార్స్‌పవర్ అని చెప్పి అమ్మిన కారు ఇకపై సుమారు 900 హార్స్‌పవర్ దగ్గరే ఆగిపోతుంది. మిగతాది కావాలంటే కంపెనీ గుర్తించిన రేస్ ట్రాక్‌కు వెళ్లి, నిర్ణీత సమయంలోపు ఒక ల్యాప్ పూర్తిచేసి అర్హత సంపాదించుకోవాలి. ఆగి ఉన్న చోటు నుంచి ఒక్కసారిగా దూసుకెళ్లే లాంచ్ మోడ్‌కు కూడా 60 సెకన్ల నిరీక్షణ పెట్టారు.

యజమానులు మండిపడ్డారు. డబ్బు కట్టేటప్పుడు లేని షరతు ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందన్నది వాళ్ల ప్రశ్న. కొద్ది రోజుల్లోనే షావోమీ ఆ అప్‌డేట్‌ను వెనక్కి తీసుకుంది.

నిజానికి 900 హార్స్‌పవర్ తక్కువేమీ కాదు. మన వీధుల్లో తిరిగే కొత్త మారుతీ స్విఫ్ట్‌కు ఉన్నది 82. షావోమీ ఈ కారుకు మొదట 8,14,900 యువాన్ల ముందస్తు ధర చెప్పి, 2025 ఫిబ్రవరిలో విడుదల నాటికి దాన్ని 5,29,900కు దించింది. అంటే సుమారు 62 లక్షల రూపాయలు. రెండు సెకన్లలోపు వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుందని కంపెనీ చెప్పే యంత్రం, ట్రాక్ ముఖం కూడా చూడని వాళ్ల చేతికి ఆ ధరలో వచ్చేసింది. ఆ మార్చిలోనే అన్హుయ్ రాష్ట్రంలో మామూలు ఎస్‌యూ7 ఒకటి ప్రమాదానికి గురై ముగ్గురు విద్యార్థినులు చనిపోయారు. అక్కడ చర్చంతా డ్రైవర్ సహాయక వ్యవస్థ చుట్టూ నడిచింది, మోటారు శక్తి చుట్టూ కాదు. అయినా కంపెనీపై నిఘా పెరిగింది. కాబట్టి పరిమితి వెనుక భయం అర్థం చేసుకోదగ్గదే. చెప్పకుండా పెట్టడమే తప్పు.

ఇంత తేలిక ఎలా?

పెట్రోల్ ఇంజిన్ బలం చాలావరకు ఇనుములోనే ఉంటుంది. ఎలక్ట్రిక్ కారులో బ్యాటరీ నుంచి మోటారుకు ఎంత కరెంటు వెళ్లాలో ఇన్వర్టర్ నిర్ణయిస్తుంది, ఇన్వర్టర్‌కు ఆ మాట చెప్పేది సాఫ్ట్‌వేర్. అక్కడ ఒక అంకె మారిస్తే కారు స్వభావమే మారిపోతుంది. పానా పట్టుకోనక్కర్లేదు.

ఆ అంకె ఎప్పుడూ ఏదో ఒక చోట ఉండి తీరాలి కూడా. 1,548 హార్స్‌పవర్ అంటే దాదాపు 1,140 కిలోవాట్లు. ఈ కారు బ్యాటరీ సామర్థ్యం 93.7 కిలోవాట్ అవర్లు. అంత శక్తినీ ఆగకుండా లాగితే ఐదు నిమిషాలలోపే బ్యాటరీ ఖాళీ. అంతకంటే ముందే వేడి అడ్డొస్తుంది. కరెంటు రెట్టింపైతే తీగల్లో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. బ్యాటరీ చల్లగా ఉన్నా, చార్జ్ తగ్గినా, మోటారు వేడెక్కినా కారు తనంతట తానే శక్తిని తగ్గించుకుంటుంది. ఇది ప్రతి ఎలక్ట్రిక్ వాహనంలోనూ జరిగేదే, దీన్ని తప్పుపట్టాల్సింది లేదు.

అందుకే ప్రమాణాలు రాసేవాళ్లు గరిష్ఠ శక్తితో పాటు, అరగంట పాటు నిలకడగా ఇవ్వగల శక్తిని కూడా కొలుస్తారు. ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనిపించేది మొదటి అంకె. అది కొన్ని సెకన్ల ముచ్చట.

వేడి పేరు చెప్పి, డబ్బు కోసం

చిక్కంతా మూడు వేర్వేరు కారణాలకు ఒకే మీట వాడటంలో ఉంది. 2022 చివర్లో మెర్సిడెస్ అమెరికాలో ఈక్యూఈ, ఈక్యూఎస్ కార్లకు ఏడాదికి 1,200 డాలర్లు కడితే అదనపు వేగం ఇస్తామంది. అదనపు శక్తి కారులో అప్పటికే ఉంది, తాళం మాత్రమే తీస్తారు. ఫోక్స్‌వ్యాగన్ 2025లో బ్రిటన్‌లో ఐడీ.3 కారుకు నెలకు 16.50 పౌండ్లు తీసుకుని 201 హార్స్‌పవర్‌ను 228 చేసింది. చిరాకు పుట్టించే వ్యాపారమే. కానీ కొనేవాడికి ముందే తెలుసు కాబట్టి మోసం అనలేం.

టెస్లా అనుభవం వేరు. లాంచ్ మోడ్‌ను కొన్నిసార్లకు మించి వాడిన కార్లలో శక్తి శాశ్వతంగా తగ్గుతోందని 2017లో యజమానులు కనిపెట్టారు. విడిభాగాలను కాపాడటానికేనని కంపెనీ చెప్పింది, గొడవ ముదిరాక ఆ పరిమితిని తీసేసింది. 2019లో మరో అప్‌డేట్‌తో కొన్ని పాత మోడల్ ఎస్ కార్ల బ్యాటరీ గరిష్ఠ వోల్టేజీని తగ్గించింది. అమెరికాలో అది కోర్టుకెక్కి, 2021లో 15 లక్షల డాలర్ల రాజీతో ముగిసింది. 1,743 కార్లు దాని పరిధిలోకి వచ్చాయి, ఒక్కో యజమానికి దక్కింది 625 డాలర్లు. అంత ఖరీదైన కారుకు అది పరిహారమా, చిల్లరా అన్నది ఎవరి లెక్క వాళ్లది.

మన దగ్గర

ఇక్కడ 1,548 హార్స్‌పవర్ కారు లేదు. కానీ 530 హార్స్‌పవర్ బీవైడీ సీల్ 2024లో 53 లక్షలకు వచ్చింది. 2025 నాటి టాటా హారియర్ ఈవీ బూస్ట్ మోడ్‌లో 6.3 సెకన్లలో వంద అందుకుంటుందని కంపెనీ చెబుతోంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద కూడా గరిష్ఠ పరిమితి గంటకు 120 కిలోమీటర్లే అనుకోండి, అది వేరే విషయం.

మన చట్టానికి శక్తి పరిమితి కొత్తేమీ కాదు. గంటకు 25 కిలోమీటర్లకు మించని వేగం, 250 వాట్ల లోపు అరగంట శక్తి ఉన్న చిన్న ఎలక్ట్రిక్ స్కూటర్లకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ మినహాయింపు నిలబడేదే ఆ కట్టడి మీద. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు ఆర్‌సీలోని వివరాలు భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదు. అది 1988 నాటి చట్టం. బండిని మార్చేది మెకానిక్కో, యజమానో అని అనుకున్న కాలం. వేల కిలోమీటర్ల దూరం నుంచి తయారీదారే మారుస్తాడని అప్పుడెవరు ఊహించారు?

వినియోగదారుల రక్షణ చట్టం 2019 కొంత పనికొస్తుంది. తప్పుదారి పట్టించే ప్రకటనలకు, అన్యాయమైన ఒప్పందాలకు అందులో నిర్వచనాలున్నాయి. అయితే ‘ఫీచర్లను ఎప్పుడైనా మార్చే హక్కు మాకుంది’ అన్న తరహా షరతుకు స్క్రీన్ మీద ‘అంగీకరిస్తున్నాను’ నొక్కేసిన కొనుగోలుదారు, వాదన మొదలుపెట్టేదే ఒక మెట్టు కింద నుంచి. అప్‌డేట్ పెట్టుకునే ముందు రిలీజ్ నోట్స్ చదవడం, డెలివరీ నాటి బ్రోచర్‌ను దాచుకోవడం ప్రస్తుతానికి చేతిలో ఉన్న పని.

షావోమీ వదిలేసిన ఆలోచనను చైనా ప్రభుత్వం మరో రూపంలో అందుకుంది. 2025 నవంబర్‌లో అక్కడి ప్రజా భద్రతా శాఖ ఒక ముసాయిదా ప్రమాణాన్ని బయటపెట్టింది. దాని ప్రకారం ప్యాసింజర్ కారును స్టార్ట్ చేసిన ప్రతిసారీ, వంద కిలోమీటర్ల వేగానికి కనీసం ఐదు సెకన్లు పట్టే స్థితిలోనే అది మేల్కోవాలి. అంతకంటే వేగం కావాలంటే డ్రైవర్ తానే మోడ్ మార్చుకోవచ్చు. ట్రాక్ మీద పరీక్ష రాయనక్కర్లేదు.