జింకపిల్లల జాడ తీసే డ్రోన్లు: గింబల్ ఎంపిక

జర్మనీలో పచ్చికబయళ్ళు తొలికోతకు వచ్చే మే, జూన్ నెలలలోనే రో జింకలు ఈనుతాయి. అపాయం ఎదురైతే వాటి పసికూనలు పరుగెత్తవు. నేలను కరుచుకుని కదలక పడుకుంటాయి. కోతయంత్రం ముందు ఆ సహజప్రవృత్తే వాటికి మృత్యువవుతుంది. అందుకే నేల చల్లగా ఉండే వేకువలో థర్మల్ కెమెరా అమర్చిన డ్రోన్లతో బయళ్ళను గాలిస్తారు. వీటి కొనుగోలుకు అక్కడి కేంద్ర వ్యవసాయశాఖ 2021లో ఆర్థికసహాయం ప్రారంభించింది.

ఇటువంటి పనికై కొత్త సెన్సర్‌ను పరీక్షించేవారికి, డ్రోన్ ఊగినా కెమెరా చూపును నిలిపి ఉంచే గింబల్ అవసరం. 12 మైక్రాన్ల పిక్సెళ్ళు, 13 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల కెమెరాకు, 50 మీటర్ల ఎత్తు నుంచి ఒక్కొక్క పిక్సెల్ నేల మీద 4.6 సెంటీమీటర్లు. 30 సెంటీమీటర్ల మేర ముడుచుకున్న కూన ఆరేడు పిక్సెళ్ళ మచ్చ మాత్రమే. సెన్సర్ స్పందించే 10 మిల్లీసెకండ్లలో, సెకనుకు 20 డిగ్రీల ఊపు ఆ మచ్చను దాదాపు నాలుగు పిక్సెళ్ళ మేర అలికేస్తుంది.

బజారులో దొరికే గింబల్ ఆ బరువు మోయగలదా అన్నది తొలి ప్రశ్న మాత్రమే. ప్రకటించిన స్థిరత్వపు అంకె తయారీదారు ఉద్దేశించిన కెమెరాకే వర్తిస్తుంది. 200 గ్రాముల సెన్సర్ గరిమనాభి ఇరుసు నుంచి ఒక సెంటీమీటరు తొలగితే, మోటారు ఎడతెగకుండా 0.02 న్యూటన్-మీటర్ల టార్కును భరించాలి. అది వేడెక్కుతుంది, కుదుపులను అణచడానికి మిగిలే శక్తి తగ్గుతుంది. బిగుసైన కేబులు చేసే కీడూ ఇటువంటిదే. కనుక మూడు ఇరుసుల మీదా తూకం సర్దుకునే వీలున్నదానినే ఎంచుకోవాలి.

చూపు కోణాన్ని గింబల్ నమోదుచేసి అందించడమూ అంతే ముఖ్యం. నిట్టనిలువుగా కిందికి చూసేటప్పుడు ఒక డిగ్రీ పొరపాటు 50 మీటర్ల ఎత్తు నుంచి 87 సెంటీమీటర్లు. 45 డిగ్రీల వాలులో దానికి రెట్టింపు. ఎదిగిన గడ్డిలో కూనను వెతికేవారికి అది చిన్న దూరం కాదు.